డేల్స్‌ఫర్డు భవనము: వారన్ హేస్టింగ్సు పిత్రార్జితము

భారతీయ భాషల ముద్రణ చరిత్రను, సంస్కృత విద్య పాశ్చాత్యులకు పరిచితమైన తీరును పరిశీలించువారికి వారన్ హేస్టింగ్సు పేరు మొదటి పుటలలోనే ఎదురగును. బెంగాలు చరిత్ర చదువువారికి అదే పేరు నందకుమారుని ఉరితోను, కాశీరాజు చేత్‌సింగు పదచ్యుతితోను, అయోధ్య బేగముల ధనాపహరణముతోను ముడివడి కనబడును. ఈ ఉభయులును అంతగా గమనింపని వస్తువు మరియొకటి కలదు. అది ఇంగ్లండులో డేల్స్‌ఫర్డు అను కుగ్రామమునందలి ఒక మేడ. తన పెద్దలు పోగొట్టుకొనిన ఆ భూమిని తిరిగి సంపాదింపవలెనను సంకల్పము తనకు ఏడవ యేటనే కలిగెనని హేస్టింగ్సు ముసలితనమున చెప్పుకొనెడివాడు. పండితులను పోషించిన పాలకుడును, పరుల ధనమునకు చేయిచాచిన పాలకుడును ఒక్కడే యగుట ఎట్లు సంభవించెనో తెలిసికొనుటకు ఆ యింటి కథ కొంత తోడ్పడును.

డేల్స్‌ఫర్డు కాట్స్‌వోల్డు కొండల అంచున, ఈవెన్‌లోడు అను చిన్న యేటికి చేరువగా నున్నది. చాలకాలము అది వూస్టరుషైరు జిల్లాకు చెందియు, ఆ జిల్లా భూములతో కలియక విడిగా నుండిన ముక్క. 1931లో గ్లాస్టరుషైరున చేర్చబడినది. హేస్టింగ్సు వంశీయులు పండ్రెండవ శతాబ్దినుండి అచ్చటి భూస్వాములని ప్రతీతి. పదునేడవ శతాబ్ది నడుమ రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరిగినపుడు ఆ యింటి యజమాని రాజపక్షము వహించెను. ఇంటి వెండి పాత్రలను ఆక్సుఫర్డులోని రాజు టంకశాలకు పంపెననియు, ఓటమి పిమ్మట మిగిలిన భూములలో పెక్కింటిని పార్లమెంటు సభాపతి లెంథాలునకు వదలుకొని తాను బయటపడెననియు మెకాలే 1841లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున చెప్పెను. డేల్స్‌ఫర్డు మాత్రము మరికొంతకాలము నిలిచి, 1715లో నైటు అను వర్తకునికి అమ్ముడుపోయెను.

అమ్మకమునకు పూర్వమే యజమాని తన రెండవ కుమారుడగు పెనిస్టనును ఆ గ్రామపు చర్చికి గురువుగా నియమించెను. గ్రామ భూస్వామికి ఇట్టి నియామకపు హక్కు ఆ దేశమున ఉండెడిది. పొలము పోయినను గురుపీఠము కుటుంబమున మిగిలెను. మిరాసీ పోయి కరణీకము మాత్రము మిగిలిన కుటుంబములను ఎరిగినవారికి ఈ స్థితి వివరింప నక్కరలేదు. తన తండ్రి అమ్మివేసిన భూమి పంటలో చర్చికి రావలసిన దశమభాగము కొరకు ఈ గురువు క్రొత్త యజమానితో వ్యాజ్యములాడి చితికిపోయెను. ఇతడే వారన్ హేస్టింగ్సు తాత.

వారన్ 1732 డిసెంబరు 6వ తేదీన డేల్స్‌ఫర్డునకు సమీపమున నున్న చర్చిల్లు గ్రామమున జన్మించెను. కొలదిదినములకే తల్లి మరణించెను. తండ్రి బిడ్డను విడిచి వెస్టిండీసు దీవులకు పోయి అచ్చటనే కాలధర్మము నొందెను. పిల్లవాడు తాతవద్ద పెరిగి, రైతుల పిల్లలతోపాటు పల్లెటూరి బడిలో చదివెను. తాను చదువుకొను బడికిని, తమ పూర్వులు ఏలిన పొలమునకును నడుమ దూరము స్వల్పము. ఏటి గట్టున పరుండి ఆ పొలము నెప్పటికైన తిరిగి కొందునని నిశ్చయించుకొనిన కథ ఈ కాలమునకు చెందినదే. కోరిక తీరిన వృద్ధుడు చెప్పిన బాల్యకథ గనుక దానిని కొంత తగ్గించి గ్రహించుట న్యాయము. అయినను అతని తరువాతి నడవడి దానికి విరుద్ధముగా లేదు.

పినతండ్రి హోవర్డు హేస్టింగ్సు బాలుని లండనునకు గొనిపోయి వెస్టుమినిస్టరు పాఠశాలలో చేర్చెను. అచ్చట లాటిను, గ్రీకు భాషలలో అతడు అందరికంటె ముందుండి 1747లో రాజవిద్యార్థి పరీక్షయందు ప్రథముడాయెను. 1749లో పినతండ్రి మరణించెను. పెంపకపు భారము ఒక దూరపు బంధువుపై పడెను. ఈ విద్యార్థిని విడువజాలక, విశ్వవిద్యాలయపు చదువునకు వలయు సొమ్ము తానే ఇత్తునని ప్రధానోపాధ్యాయుడు చెప్పినను ఆ బంధువు అంగీకరింపలేదు. కొలది నెలలు జమాఖర్చుల లెక్కలు నేర్పించి, ఈస్టిండియా కంపెనీలో గుమాస్తా ఉద్యోగము సంపాదించి, 1750 జనవరిలో ఓడ నెక్కించెను. గ్రీకు పండితుడు కాదగిన పదునేడేండ్ల బాలుడు ఆ యేడే కలకత్తా గిడ్డంగులలో పట్టుబట్టల లెక్కలు వ్రాయ నారంభించెను.

మొదటి పదునాలుగేండ్ల కథ ఇచ్చట విస్తరింప బనిలేదు. కాశింబజారున పనిచేయుచు 1756లో సిరాజుద్దౌలా సైన్యమునకు చిక్కి విడుదలయగుట, ముర్షిదాబాదులో కంపెనీ ప్రతినిధిగా నుండుట, 1761లో కలకత్తా కౌన్సిలు సభ్యుడగుట ముఖ్యాంశములు. పెండ్లాడిన మేరీ బుకానను 1759లో మరణించెను. కుమార్తె శైశవముననే పోయెను. ఇంగ్లండునకు పంపిన కుమారుడు జార్జి, నవలారచయిత్రి జేన్ ఆస్టెను తండ్రియగు జార్జి ఆస్టెను సంరక్షణలో పెరుగుచు 1764లో చనిపోయెను. 1765లో ఇంగ్లండు చేరిన హేస్టింగ్సునకు ఆ వార్తయే మొదటి స్వాగతమాయెను. అప్పటికి అతనికి పారసీకమున మంచి ప్రవేశము కలదు. ఆక్సుఫర్డులో పారసీక భాషాచార్యపీఠము నెలకొల్పవలెనని అతడొక ప్రతిపాదనము ప్రకటించెను. అది సాగలేదు. తెచ్చిన ధనములో కొంత బంధువులకిచ్చెను, మిగిలినది బెంగాలులో నష్టపడెను. 1769లో తిరిగి ప్రయాణమగునప్పటికి అప్పు చేయక తప్పలేదు. డేల్స్‌ఫర్డు నాటి కతనికి చాల దూరముగా నుండెను.

ఈ పర్యాయమతడు చెన్నపట్టణమున కౌన్సిలులో రెండవ స్థానమున నియుక్తుడాయెను. ఓడలో జర్మను చిత్రకారుడగు ఇమ్‌హోఫు భార్య మరియనుతో పరిచయమేర్పడెను; ఆ దంపతులు విడిపోయిన పిమ్మట 1777లో హేస్టింగ్సు ఆమెను వివాహమాడెను. చెన్నపట్టణమున అతడు చూచినది ఎగుమతి బట్టల శాఖ. మధ్యవర్తులను తొలగించి నేతగాండ్ర పెద్దలతో కంపెనీ నేరుగా వ్యవహరించు పద్ధతిని అతడు ప్రవేశపెట్టెను. 1766 నాటి సంధివలన ఉత్తర సర్కారులు అప్పటికే చెన్నపట్టణపు కౌన్సిలు పాలనలోనికి వచ్చియుండెను. అయినను ఆ రెండేండ్లకు పైబడిన కాలమున తెనుగు భాషవైపు అతని దృష్టి మరలిన జాడ లేదు. దేశభాషలు పాలనకు సాధనములను ఎరుక అతనికి అధికారముతోపాటు బెంగాలులోనే కలిగినట్లు తోచును.

1772లో హేస్టింగ్సు బెంగాలు గవర్నరాయెను. 1773 నాటి శాసనముననుసరించి 1774లో గవర్నర్ జనరలు పదవి వహించిన మొదటివాడు నతడే. చేతికి వచ్చిన దేశము 1770 నాటి క్షామమున శిథిలమైనది. జనులలో మూడవ వంతు నశించిరనియు, అయినను శిస్తు వసూలు క్షామమునకు ముందటికంటె తగ్గలేదనియు, అది బలవంతముచేతనే సాధ్యమైనదనియు 1772లో డైరెక్టర్లకు అతని ప్రభుత్వమే నివేదించెను. ఆ నివేదికను పంపిన ప్రభుత్వమే భూముల శిస్తును అయిదేండ్ల గుత్తకు వేలమువేసెను. ఆశ్రయదాతగా అతనిని కొనియాడు పీఠికలలో ఈ నివేదిక ప్రసక్తి కానరాదు, ఉండవలసినది.

అదే సంవత్సరమున అతడు చేసిన న్యాయవ్యవస్థవలన భాషాచరిత్రలో క్రొత్త ఘట్టము మొదలాయెను. వారసత్వము, వివాహము మున్నగు విషయములలో హిందువులకు ధర్మశాస్త్రమును, మహమ్మదీయులకు వారి శాస్త్రమును ప్రమాణముగా నుండవలెనని అతడు నిర్ణయించెను. దొరలైన న్యాయాధికారులకు ఆ శాస్త్రము తెలియుట ఎట్లు? పదునొకండుగురు పండితులను కలకత్తాకు రప్పించి, స్మృతులనుండియు నిబంధ గ్రంథములనుండియు వివాదార్ణవసేతువను సంగ్రహమును కూర్పించెను. దానిని మౌఖికముగా బంగ్లాలో వివరింపగా పారసీకమునకు మార్చిరి. పారసీకమునుండి నతేనియల్ హాల్హెడు ఇంగ్లీషున వ్రాసెను. అది 1776లో లండనున అచ్చుపడెను. సంస్కృత గ్రంథము ఇంగ్లీషునకు ఇన్ని మెట్లు దిగి రావలసివచ్చుటను బట్టియే నాటికి కంపెనీ కొలువున ఆ భాష నెరిగిన ఆంగ్లేయుడు లేడని స్పష్టము.

ఆ కొరత తీర్చుటకే తరువాతి ప్రయత్నములు జరిగెను. హాల్హెడు రచించిన బంగ్లా వ్యాకరణము 1778లో హుగ్లీలో ముద్రితమాయెను. దానికి వలయు బంగ్లా అక్షరములను హేస్టింగ్సు కోరికపై చార్లెసు విల్కిన్సు పోతపోసెను. ఆ పనిలో అతనికి సహాయపడిన పంచానన కర్మకారుడు తరువాత వంగదేశపు ముద్రణకు మూలపురుషుడాయెను. మహమ్మదీయ విద్యకై కలకత్తాలో మదరసా 1780లో నెలకొన్నది. విల్కిన్సునకు సంస్కృతాభ్యాసమునకై కాశీలో నుండుటకు సెలవిప్పించి, అతని భగవద్గీతానువాదమును కంపెనీ ఖర్చుతో అచ్చువేయింపవలసినదని 1784 అక్టోబరులో హేస్టింగ్సు డైరెక్టర్ల అధ్యక్షునికి లేఖ వ్రాసెను. 1785లో ఆ గ్రంథము ఆ లేఖతోనే వెలువడెను. జ్ఞానార్జనము రాజ్యమునకు ప్రయోజనకరమనియు, అది జయించినవారికిని జయింపబడినవారికిని నడుమ స్నేహము కలిగించుననియు అందు వాదించుచునే, ఇంగ్లీషువారి ప్రభుత్వము అంతరించిన పిమ్మటగూడ ఈ గ్రంథములు నిలుచునని ఒప్పుకొనెను. ఒక రాజప్రతినిధి తన ప్రభుత్వముయొక్క అంతమును గూర్చి తన యజమానులకే ఇట్లు వ్రాయుట అరుదు. 1784 జనవరిలో ఆసియాటిక్ సొసైటీ ఏర్పడగా అధ్యక్ష పదవిని తనకిచ్చినను, అది తగినవాడని సర్ విలియం జోన్సునకు వదలెను.

ఇక ధనము సంగతి. గవర్నర్ జనరలు జీతము సంవత్సరమునకు 25,000 పౌనులు. అది ఆనాటికి అపారమైన మొత్తము. అతడు ఆడంబరప్రియుడు, దాత, లెక్కల విషయమున అశ్రద్ధాళువు. ముర్షిదాబాదు మణిబేగమునుండి ఆతిథ్యవ్యయముగా ఒకటిన్నర లక్షల రూపాయలు తీసికొనిన మాటను అతడు కాదనలేదు. బేగమునుండి లంచము గ్రహించెనని 1775 మార్చిలో నేరము మోపిన మహారాజా నందకుమారుడు, పాతదొక ఫోర్జరీ అభియోగముపై సుప్రీముకోర్టు తీర్పున ఆ సంవత్సరము ఆగష్టు 5వ తేదీన ఉరితీయబడెను. హేస్టింగ్సు ప్రేరణ యుండెనా లేదా యనుదానిపై వాదము తెగలేదు. ఫిర్యాదుదారుని చావువలన ఎవరికి మేలు కలిగెననుటలో వాదము లేదు. 1781లో అయోధ్య నవాబు ఇచ్చిన పది లక్షల రూపాయల కానుకను కంపెనీ ఖర్చులకు వినియోగించితినని తెలుపుచు, దానిని తనకే బహుమతిగా నీయవలసినదని అతడు డైరెక్టర్లను అర్థించెను. వారు నిరాకరించిరి. ఆ నవాబు తల్లియు అవ్వయు దాచుకొనిన ధనము కంపెనీ బాకీ క్రింద లాగుకొనబడినదియు ఇంచుమించు ఆ కాలముననే. పది లక్షలు నాటి లక్ష పౌనులు. డేల్స్‌ఫర్డు వెల తరువాత ఎంతయ్యెనో చూచినచో, ఆ కోరిక వెనుకనున్న లెక్క కొంత తెలియును.

1785 జూనులో ఇంగ్లండు చేరిన హేస్టింగ్సు డేల్స్‌ఫర్డు కొరకు బేరములాడెను. నైటు వంశీయులు వెంటనే వదలలేదు. అందాక విండ్సరు దగ్గర బోమాంటు లాడ్జి అను మరియొక యిల్లు కొని నివసించెను. ఇంతలో ఎడ్మండు బర్కు అతనిపై పార్లమెంటున నేరారోపణలు తెచ్చెను. 1788 ఫిబ్రవరి 13వ తేదీన ప్రభువుల సభ యెదుట వెస్టుమినిస్టరు హాలులో విచారణ ఆరంభమాయెను. ఆ సంవత్సరమే డేల్స్‌ఫర్డు ఎస్టేటు 54,000 పౌనులకు అతని వశమాయెను. చేత్‌సింగును, బేగములను గూర్చిన దోషారోపణలు ఒకవంకను, పునాదులు, తాపీపని, చెరువు త్రవ్వకము ఒకవంకను ఏకకాలమున నడచెను. విచారణ 1795 ఏప్రిలు 23వ తేదీవరకు ఏడేండ్లు సాగెను. సభ కూడిన దినములు మాత్రము నూటయేబదికి మించవు. తీర్పున అన్ని అభియోగములనుండియు విముక్తుడాయెను. న్యాయవాదుల ఖర్చు 71,080 పౌనులు. అనగా పూర్వుల భూమిని కొనుటకైన సొమ్ముకంటె తన పేరును కాపాడుకొనుటకే ఎక్కువ ఖర్చయ్యెను. కంపెనీవారు తరువాత ఏటికి 4,000 పౌనుల భరణమును, 50,000 పౌనుల వడ్డీలేని అప్పును ఇచ్చి నిలువబెట్టిరి.

పాత మేడ శిథిలమై యుండుటచే హేస్టింగ్సు క్రొత్త భవనము కట్టించెను. శిల్పి సామ్యుయలు పెపీసు కాకరెల్. 1788 మొదలు 1793 వరకు పని జరిగెను. ఇంగ్లండు ప్రభువుల మహాసౌధములతో పోల్చిన ఇది చిన్నది; కాట్స్‌వోల్డు ప్రాంతపు పసుపువన్నె రాతితో, గ్రీకు రోమను పద్ధతిలో కట్టినది. పడమటి ముఖమున మాత్రము వంపుదిరిగిన భాగముపై తురక గుమ్మటము నెత్తిరి. లోపల థామసు బ్యాంక్సు చెక్కిన చలువరాతి అగ్నిగూటిపై భారతీయ స్త్రీ మూర్తులు కలవు. గోడలపై విలియము హాడ్జెసు వ్రాసిన హిందూదేశ దృశ్యచిత్రములు వ్రేలాడెను. ముర్షిదాబాదు దంతపు కుర్చీలు గదులలో నుండెను. ఆ దంతపు సామగ్రిని పంపినది పూర్వము చెప్పిన మణిబేగమే. ఇదే కాకరెల్ కొన్నియేండ్లకు సమీపమున తన సోదరునికై సెజిన్‌కోటు అను ఇంటిని సంపూర్ణ మొగలు రీతిలో నిర్మించెను. దానిముందు డేల్స్‌ఫర్డు గుమ్మటము బిడియముతో నిలిచిన అతిథివలె కనబడును.

అచ్చట హేస్టింగ్సు గడపిన జీవితము రైతు జీవితమే. టిబెట్టునకు రాయబారిగా వెళ్లిన సామ్యుయలు టర్నరు పంపిన చమరీమృగములలో ప్రయాణమునకు తట్టుకొని బ్రదికిన యొకటి డేల్స్‌ఫర్డు పచ్చికలో మేసెను. జార్జి స్టబ్సు 1791లో దాని చిత్తరువు వ్రాసెను. కావ్యములలో చామరముల పేరు విన్నవారే గాని ఆ మృగమును కన్నవారు మన పండితులలోనే తక్కువ. సీతాఫలపు గింజలు తెప్పించెను, లీచీ చెట్లు పెంపజూచెను. ఆంగ్లదేశపు చలిలో అవి ఫలింపలేదు. ఉదయపు టలపాహారమువేళ తాను కట్టిన పద్యములను అతిథులకు చదువుట అతని వినోదము. రాబడి ఖర్చునకు ఎన్నడును చాలలేదు. 1809లో తన యొద్దనున్న ప్రాచ్య లిఖితప్రతులను కంపెనీ గ్రంథాలయమునకు అమ్మెను. పండిత పోషకుని వృద్ధాప్యమున ఇల్లు నిలిచి పుస్తకములు వెడలినవి.

1813లో కంపెనీ అధికారపత్రము మరల చర్చకు వచ్చినపుడు, సాక్ష్యమిచ్చుటకు వచ్చిన ఎనుబదియేండ్ల ముదుసలిని చూచి కామన్సు సభ్యులు టోపీలు తీసి లేచి నిలిచిరి. అతనిపై అభియోగము తెచ్చినదియు ఆ సభయే. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము ఆ యేడే గౌరవపట్ట మిచ్చెను. 1816లో అతడు డేల్స్‌ఫర్డునందలి పాత చర్చిని బాగుచేయించెను. చెన్నపట్టణమున క్యాంబెలు తెనుగు వ్యాకరణము, దానికి చేర్చిన ఎల్లిసు వ్యాసము వెలువడినదియు ఆ సంవత్సరముననే. దక్షిణదేశ భాషలు సంస్కృతజన్యములు కావని ఎల్లిసు అందు నిరూపింపజూచెను. దేశభాషలను పాలకులు శాస్త్రీయముగా నేర్వవలెనని కలకత్తాలో హేస్టింగ్సు వేసిన దారి నలుబదియేండ్లకు తెనుగు వాకిటికి వచ్చినది; కలకత్తా పండితుల సిద్ధాంతములనే ప్రశ్నించుచు వచ్చినది.

1818 ఆగష్టు 22వ తేదీన హేస్టింగ్సు తన యింటనే మరణించి, తాత గురువుగా నుండిన ఆ చర్చి ప్రాంగణమున సమాధిచేయబడెను. అతనికి సంతానము మిగులలేదు. మరియను 1837 వరకు జీవించెను. ఆమె మొదటి వివాహపు కుమారుడు సర్ చార్లెసు ఇమ్‌హోఫు ఎస్టేటునకు వారసుడాయెను. 1853లో అతడు మరణింపగా భూమియు ఇల్లును అమ్ముడుపోయెను, సామగ్రి వేలమువేయబడెను. వంశము పోగొట్టుకొనిన భూమిని తిరిగి పొందుటకు డెబ్బదిమూడేండ్లు పట్టెను. పొందినది మరల పరులపాలగుటకు అరువదియైదేండ్లు చాలెను. కొనిన గ్రిస్‌వుడు అను లండను వ్యాపారి హేస్టింగ్సు బాగుచేయించిన చర్చిని తీసివేసి క్రొత్తది కట్టించెను. ఇరువదవ శతాబ్దిలో ఆ భవనము పత్రికాధిపతి లార్డు రోథర్‌మియరు చేతికిని, పిదప చిత్రసంగ్రాహకుడగు బారన్ థిస్సెను చేతికిని వచ్చి, 1988లో బామ్‌ఫర్డు కుటుంబమునకు చెందెను. ఆ కుటుంబపు కర్మాగారమున తయారగు మట్టి త్రవ్వు యంత్రము పేరు జేసీబీ అని నేడు తెనుగు పల్లెలలో పసిపిల్లలకును తెలియును.

హేస్టింగ్సు కాగితములను 1872లో బ్రిటిషు మ్యూజియము కొనెను. అతడు అమ్మిన లిఖితప్రతులును, ఆ కాగితములును నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో ఒకే కప్పు క్రింద పరిశోధకులకు లభించుచున్నవి. డేల్స్‌ఫర్డు భవనము ప్రైవేటు నివాసముగానే ఉన్నది.